పోస్టరులోని చెయ్యి

ఆ పరిశోధన సంస్థలో లిఫ్టు తలుపుకి ఎదురుగా ఒక పెద్ద పోస్టరు ఉంది. అందులో ఒక చెయ్యి. మోచెయ్యి పైదాకా మడిచిన చొక్కా, బిగించిన పిడికిలి, తాడులా ఉబ్బిన నరం. కింద లావుపాటి అక్షరాల్లో ‘ఆరోగ్యవంతుడైన దాత, విజ్ఞానానికి ఊపిరి’ అని రాసి ఉంటుంది. చెయ్యికి పైన భుజం ఉంటుందని, భుజానికి పైన మొహం ఉంటుందని దాన్ని అచ్చువేయించిన పెద్దమనుషులకి తట్టలేదు. ఫొటో తీసిన రోజున మాత్రం ఆ చేతి సొంతదారు జుట్టుకి రంగేసుకుని, మీసం సరిచేయించుకుని, కరకరలాడే కొత్త బూట్లు కొనుక్కుని మరీ వచ్చి నిలబడ్డాడు. అంతా దండగ. మోచేతి పైనే కత్తెర పడింది.

ఆయన చిన్నబుచ్చుకున్నాడా? లేదు. లిఫ్టు దిగిన ప్రతివాణ్ణీ ఆపి, “ఆ చెయ్యి మనదే” అని చెప్పుకున్నాడు. బూట్లు కరిచినా విప్పలేదు.

ఆయన అక్కడ అటెండరు. గాజుసామాను కడగడం, చెత్తబుట్టలు మార్చడం, వారం వారం మీటింగుకి టీ అందించడం ఆయన పని. అసలు పేరేమిటో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ ‘నార్మల్’ అనేవాళ్ళు. “నార్మలన్నా, ఒకసారి రా” అని కేక పడితే చాలు, చేతిలోని బ్రష్షు సింకులో పడేసి, చెయ్యి తుడుచుకుంటూ రక్తం తీసే గదికి పోయేవాడు. చిరిగిన రెగ్జిన్ కుర్చీలో కూర్చుని పిడికిలి బిగించేవాడు. ఆకుపచ్చ మూతల గొట్టాలు నిండేవి. గొట్టం మీద ‘నార్మల్’ అని చీటీ అంటించేవాళ్ళు. ఆ చీటీలోని మాటే మనిషికి అంటుకుంది. అదే తనకొచ్చిన బిరుదనుకుని ఆయన ఛాతీ విరుచుకు తిరిగాడు.

రక్తం ఇచ్చాక ఒక డబ్బా పళ్ళరసం, ఒక పొట్లం తీపి బిస్కెట్లు ఇచ్చేవాళ్ళు. ఆయన రెండూ అక్కడే లాగించేసి, ఇంకోటి అడిగి జేబులో వేసుకునేవాడు.

రోగమంటే ఆయనకి ఒళ్ళుమండేది. జలుబు చేసినవాడు బద్ధకస్తుడు, బీపీ ఉన్నవాడు పిరికివాడు. అందరిలోకీ ఎక్కువ లోకువ చక్కెర జబ్బున్నవాళ్ళే. అందులోనూ, భార్య తమ్ముడంటే మరీను. ఆ బావమరిది ఇళ్ళకి రంగులేస్తాడు. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో రంగు పోదు. ఆదివారం పూట అక్క ఇంటికి భోజనానికి వస్తాడు. కంచం ముందు కూర్చుని చొక్కా కాస్త ఎత్తి, పొట్టకి ఇన్సులిన్ పొడుచుకున్నాకే ముద్ద ముడతాడు.

“మొదలెట్టాడు మీ తమ్ముడు, కంచం ముందు కుట్టుపని!” అనేవాడు నార్మల్, భార్యవైపు చూసి.

“నీకేం బావా, నీది పోస్టరుకెక్కిన రక్తం. నాది సున్నపునీళ్ళు” అని నవ్వేసేవాడు బావమరిది.

“నవ్వకురా. నోరు కట్టుకోవడం చేతకాక పొట్ట కుట్టుకుంటున్నావు. నా కణాల్ని చూసి నేర్చుకో. చుట్టూ చక్కెరనీళ్ళు పోసిపెడతారు. పైనుంచి ఇన్సులిన్ పోసి, తినండి తల్లీ అని బతిమాలతారు. ఒక్కటంటే ఒక్కటి కక్కుర్తి పడదు. అదీ రక్తమంటే!”

“కణాలు కక్కుర్తి పడవు సరే” అనేది భార్య, చెంబు ఎత్తి చూపిస్తూ. “ఈ చెంబు ఇది ఎన్నోసారి నింపడం? ఆ నీళ్ళు తాగడమేంటి, ఆ లేవడమేంటి? మంచం మీద నిలకడగా ఒక నిద్రుందా మీకు?”

“రక్తం ఇచ్చేవాడికి దాహం వెయ్యదా? నీళ్ళు బాగా తాగమని వాళ్ళే చెప్పారు. చదువుకున్నవాళ్ళు.”

చదువుకున్నవాళ్ళు! ఆ మాట దగ్గర ఆగి, ఆ చదువుకున్నవాళ్ళు ఏం చేస్తున్నారో చెప్పుకోవాలి.

ఆ విభాగానికి ఒక పెద్దసారు ఉన్నాడు. ఒకే ఒక్క సంగతి మీద ఆయన పేరు ప్రతిష్ఠలు నిలబడ్డాయి. మన రక్తంలో తెల్లకణాలుంటాయి. ఒంట్లోకి క్రిములు జొరబడితే వాటితో పోట్లాడేవి అవి. ఊరికే ఉన్నప్పుడు వాటికి తిండి పెద్దగా అక్కర్లేదు. పోరాటం వచ్చిందా, ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలి. దానికి చక్కెర కావాలి, అదీ విపరీతంగా. అప్పుడు ఆ కణాలు తమ పైపొర మీద ఇన్సులిన్‌ని అందుకునే గ్రాహకాలని మొలిపించుకుంటాయి. ఇన్సులిన్ వచ్చి తాకుతుంది. ఆ కబురు కణం లోపల ఒకరి చేతినుంచి ఒకరి చేతికి అందినట్టు పోతుంది. అంతదాకా లోపల ముడుచుకుని కూర్చున్న చక్కెర మోసే ప్రొటీన్లు పైకి వచ్చి, రక్తంలోని చక్కెరని లోపలికి లాగుతాయి. ఎలుకల్లో ఇదంతా జరుగుతుందని లోకం ఒప్పుకుంది. పెద్దసారు మాత్రం, “మనిషి సంగతి వేరు. మనిషి తెల్లకణం ఇన్సులిన్ మాట వినదు” అని తేల్చాడు. ఆ ఒక్క మాట పట్టుకుని సభలకి వెళ్ళాడు, శాలువాలు కప్పించుకున్నాడు, విభాగానికి కొత్త అద్దాల గది కట్టించుకున్నాడు.

మనిషి అంటే ఏ మనిషి? అందరూ మింగేసిన ప్రశ్న అదే.

పరిశోధన పత్రంలో ‘ఆరుగురు ఆరోగ్యవంతులైన దాతలు’ అని ఉంది. ఆరుగుర్ని వెతికి, పరీక్షించి, బతిమాలి తీసుకురావాలంటే ఒళ్ళు వంగాలి. సింకు దగ్గరే ఒకడు చెయ్యి చాపుకుని సిద్ధంగా ఉంటే, ఆ బాధ ఎవడు పడతాడు? సీనియర్ విద్యార్థులు ఒకసారి ఆయన రక్తం తీసి మొదటి దాత అన్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ తీసి రెండో దాత అన్నారు. అలా ఆ ఒక్క చెయ్యీ ఆరుగురు మనుషులైంది. పెద్దసారు అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. అడక్కపోవడమే పెద్దరికమనీ, చెప్పకపోవడమే వినయమనీ అక్కడి లెక్క. దాతని ముందుగా ‘చక్కెర జబ్బు ఉందా?’ అని అడగాలన్న నియమం ఒకటి ఏడిచింది. నార్మలన్నని పట్టుకుని ఆ మాట అడగడానికి వాళ్ళకి మొహమాటం. అడక్కుండానే లేదని టిక్కు పెట్టేశారు.

రక్తాన్ని యంత్రంలో గిరగిరా తిప్పితే మూడు వరసలవుతుంది. అడుగున ఎరుపు, పైన పసుపుపచ్చ నీరు, మధ్యలో తెల్లటి పలచని పొర. వీళ్ళకి కావలసింది ఆ పొర. దాన్ని జాగ్రత్తగా పీల్చుకుని, పైనున్న పసుపు నీటిని సింకులో పారబోసేవాళ్ళు. ఆయన ఒంట్లో చక్కెర ఎంతుందో చెప్పగలిగింది ఆ నీరే. ఒక్క చుక్క, ఒక్క నిమిషం చాలు. ఆ చుక్కని చూడాలని ఒక్కడికి బుద్ధి పుట్టలేదు. ఆ సింకుని బ్రష్షుతో రుద్ది మెరిపించింది మాత్రం నార్మలే.

తెల్లకణాల్ని చిన్న చిన్న గుంటల ప్లేటులో గులాబీరంగు ద్రవంలో వేసి, పోరాటానికి రెచ్చగొట్టే మందు కలిపేవాళ్ళు. సగం గుంటల్లో ఇన్సులిన్ కూడా వేసేవాళ్ళు. కణాలు చక్కెర తినేకొద్దీ ద్రవం గులాబీ నుంచి పసుపుకి తిరుగుతుంది. ఇన్సులిన్ వేసిన గుంటలు ఎక్కువ పసుపెక్కాలి. నార్మల్ గుంటలు ఎప్పుడు చూసినా అన్నీ ఒకే రంగు. “చూశారా నిబ్బరం!” అని ఆయన మురిసేవాడు. “చూశారా నిజం!” అని పెద్దసారు మురిసేవాడు. ఇద్దరూ ఒకే జబ్బుని చూసి మురిసిపోయారు.

ఇంతలో ఆ కొత్త బూటు తన పని తాను చేసింది. ఎడమకాలి చిటికెనవేలు పక్కన పొక్కు లేచింది. పొక్కు పగిలి పుండైంది. పుండు మానలేదు. భార్య ఒకరోజు మేజోడు ఉతకబోయి, దాని వాసనకి మొహం తిప్పుకుంది.

“ఏంటండీ ఇది? నొప్పి లేదూ?”

“ఇంత కూడా లేదు. వేరేవాళ్ళయితే ఈపాటికి మంచమెక్కేవాళ్ళు. నాది గట్టి ఒళ్ళు.”

“నొప్పి తెలియకపోవడం గట్టితనమా?”

“నీకు తెలీదులే. మీ వంశంలో గట్టివాళ్ళెవరున్నారు గనక!”

నొప్పి తెలియకపోవడమే అసలు నొప్పని చెప్పడానికి ఆవిడ డాక్టరు కాదు. నలుగురి బట్టలు కుట్టి ఇల్లు నడుపుకొచ్చే మనిషి. ఆస్పత్రికి పోదామని పోరింది. రోగుల మధ్య వరసలో కూర్చుంటే తన పరువేం కానని ఆయన భీష్మించాడు. గాయానికి గుడ్డ చుట్టి, దానిమీద మళ్ళీ అదే బూటు తొడుక్కున్నాడు. మూర్ఖత్వానికి అంతకంటే బిగుతైన బూటు దొరకదు.

చివరికి జ్వరం పడగొట్టింది. ఆయన సెలవు పెట్టాడు.

అద్దాల గదిలో గొట్టాలు ఖాళీగా ఉన్నాయి. ఆ మధ్యే చేరిన ఒక కొత్తమ్మాయి, ప్లేటు పాడవుతుందని, పక్కవాళ్ళ చేత తన రక్తమే తీయించుకుంది. పొర పీల్చింది, గుంటల్లో వేసింది. తెల్లారి చూస్తే ఇన్సులిన్ వేసిన గుంటలన్నీ పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. వెయ్యనివి ఇంకా గులాబీ ఛాయలోనే ఉన్నాయి. ఆ అమ్మాయి ప్లేటు పట్టుకుని పెద్దసారు గదికి పరిగెత్తింది.

పెద్దసారు కళ్ళజోడు ఎత్తి చూశాడు. “నీ రక్తంలో ఏదో తేడా ఉందమ్మా. డాక్టరుకి చూపించుకో” అన్నాడు.

ఆ అమ్మాయి కాపలా మనిషి రక్తం తీసుకుంది. అవీ పసుపెక్కాయి. టైపు చేసే ఆవిడది తీసుకుంది. అవీ అంతే. పెద్దసారు విసుక్కున్నాడు.

“ఏం మనుషుల్ని పట్టుకొస్తున్నావమ్మా! ఒక్కడైనా సరైనవాడు లేడా? నార్మల్ ఏడి?”

“జ్వరంతో ఉన్నారు సార్, ఇంట్లో.”

“ఇంటికెళ్ళి తీసుకురా. రక్తానికేం సెలవు లేదుగా.”

ఊరంతా తేడాగా ఉండొచ్చు గాని నార్మల్‌లో తేడా ఉండటానికి వీల్లేదు! అంత చదువూ వెలగబెట్టి ఆ పెద్దమనిషి తేల్చింది ఇది. ఆ అమ్మాయి కూడా తక్కువ తినలేదు. సిగ్గుపడుతూనే సంచిలో ఆకుపచ్చ మూతల గొట్టాలు సర్దుకుని, జ్వరం మనిషి ఇంటికి బయలుదేరింది.

తలుపు తీసిన భార్య ఆ గొట్టాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“చూడ్డానికొచ్చావనుకున్నానమ్మా. తోడుకోడానికొచ్చావా?”

లోపలినుంచి నార్మల్ కేకేశాడు. “ఎవరూ, మనవాళ్ళేనా? రానీ. నేను లేకపోతే అక్కడ పని ఆగిపోతుంది. చొక్కా చెయ్యి మడుస్తున్నా, రా తల్లీ!”

గది నిండా వాసన. బావమరిది మంచం పక్కన పీట వేసుకుని తడిగుడ్డ పిండుతున్నాడు. దుప్పటి పక్కకి జరిగి, కాలు బయటపడి ఉంది. చిటికెనవేలు నల్లబడింది, దాని పక్కదీ రంగు మారింది. అమ్మాయి సంచిని నేలమీద పెట్టేసింది.

“అన్నా, మీరెప్పుడైనా చక్కెర పరీక్ష చేయించుకున్నారా?”

“నాకా?” అంత జ్వరంలోనూ నవ్వాడు. “నేను నార్మల్‌నమ్మా.”

“ఎవరన్నారు?”

“మీరే!”

బావమరిది లేచి, జేబులోంచి తను చక్కెర చూసుకునే చిన్న మీటరు తీశాడు.

“వేలియ్యి బావా.”

“నీ మీటరు నాకెందుకురా? అది రోగులకి.”

“నీ పోస్టరు కోసమైనా ఇయ్యి. అంకె తక్కువొస్తే దాని పక్కనే అంటిద్దాం.”

రంగు మరకల వేళ్ళతో బావ వేలు పట్టుకుని పొడిచాడు. చుక్కని మీటరుకి అందించాడు. మీటరు అంకె చూపించలేదు. తను కొలవగలిగిన హద్దు దాటిపోయిందని మాత్రం చూపించింది.

“మీటరు పాడైంది” అన్నాడు నార్మల్.

బావమరిది తన వేలే పొడుచుకుని చూపించాడు. మీటరు శుభ్రంగా అంకె చెప్పింది. భార్య చెంగు నోట్లో కుక్కుకుంది. బావమరిది బావని భుజానికెత్తుకుని మెట్లు దిగాడు. సూది పోట్లు పడ్డ ఆ సున్నపునీళ్ళ ఒళ్ళే ఆయన్ని ఆస్పత్రి దాకా మోసింది.

ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. కాలు దక్కింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని చెప్పి డాక్టరు పక్కమంచానికి వెళ్ళిపోయాడు. అక్కడి వరసలో ఎవరి పరువూ పోలేదు. ఎవరి కాళ్ళని వాళ్ళు కాపాడుకునే తొందరలో ఉన్నారు.

కొత్తమ్మాయి చూడ్డానికి వచ్చింది. ఈసారి సంచి లేదు. మంచం అంచున కూర్చుని చెప్పింది.

“మీ ఒంట్లో ఇన్సులిన్ ఉందన్నా. అరుస్తోంది. కణాలకి వినబడటం మానేసింది. ఇకమీదట సూదితో పైనుంచి చాలా ఎక్కువ ఇస్తేనే కాస్త వింటాయి. చక్కెరేమో రక్తంలో పొంగిపోతోంది. పుండు దగ్గరికి పోట్లాడ్డానికి వెళ్ళిన తెల్లకణాలకి మాత్రం దాన్ని లోపలికి లాక్కునే దారి లేదు. దారి లేకపోతే అవి పెరగలేవు, సరిగ్గా పోట్లాడలేవు. రక్తనాళాలు, నరాలు కూడా దెబ్బతిన్నాయి. అందుకే నొప్పి తెలీలేదు, పుండు మానలేదు.”

“అయితే కక్కుర్తి పడకపోవడం...”

“ఆకలితో చచ్చిపోవడమన్నా అది.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నాళ్ళూ కంచం ముందు తను అన్న మాటలన్నీ చెవుల్లో మోగాయేమో. మోగాలి కూడా.

తిరగకుండానే అడిగాడు. “ఆ గుంటలు ఒకే రంగులో ఉన్నాయని అందరూ చూశారు కదమ్మా. ఇన్నేళ్ళు చూశారు కదా?”

“చూశారన్నా. పాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, సారు పత్రంలో ఆరుగురు దాతలని రాసింది మీ ఒక్కరినే.”

మళ్ళీ పనిలోకి వెళ్ళిన వారమే మీటింగు పడింది. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ టీ ట్రే పట్టుకొచ్చాడు. అద్దాల గదిలో బల్ల చుట్టూ సీనియర్లు, చివర కొత్తమ్మాయి, తెరముందు పెద్దసారు. మాటలు ఆగలేదు. టీ తెచ్చినవాణ్ణి చూసి మాటలు ఆపడం అక్కడ అలవాటు లేదు. ఆయన ట్రే బల్లమీద పెట్టాడు గాని కప్పులు పంచలేదు.

“సార్, ఒక్కమాట. నా కణాలు చక్కెర తినడం లేదని మీకు ముందునుంచీ తెలుసు. నాకెందుకు చెప్పలేదు?”

పెద్దసారు ఓపిగ్గా నవ్వాడు. చిన్నపిల్లలకి, అటెండర్లకి ఆయన దాచి ఉంచుకునే నవ్వు అది.

“చూడవయ్యా. మేం చూసేది కణాన్ని. మనిషిని చూడ్డానికి ఆస్పత్రులున్నాయి.”

“కణం నాలోంచే కద సార్ వచ్చింది?”

“నీకు అర్థమయ్యే విషయం కాదులే. జరిగిందేదో జరిగింది. ఒకందుకు మంచిదే అయింది. చక్కెర జబ్బున్న దాతలు మాకు దొరకడం కష్టం. ఇకనుంచి నువ్వు ఆ వరసలో ఇవ్వు. గొట్టం మీద చీటీ మారుతుంది, అంతే.”

అంతే! రెండు వేళ్ళు పోయిన మనిషి మొహం మీద ఆ మాట అని, టీ కోసం చెయ్యి చాపాడు. సిగ్గనేది గుండెలో ఎక్కడో ఒక మూల ఉంటుందంటారు. ఆయనకి దాన్ని కూడా అద్దాల గది కోసం పడగొట్టారేమో.

నార్మల్ కప్పు ఇవ్వలేదు. “ముందు ఆ ఆరుగురూ నేనొక్కణ్ణేనని రాయండి సార్. ఆ తరవాత ఏడోవాణ్ణి అవుతాను.”

సీనియర్లకి ఒక్కసారిగా కంప్యూటర్లలో చూడాల్సిన పనేదో గుర్తొచ్చింది. పెద్దసారు నవ్వు మొహంమీదే గడ్డకట్టింది. “ఆరుగురేంటి? ఏం మాట్లాడుతున్నాడితను?” అని చుట్టూ చూశాడు. ఎవరూ తలెత్తలేదు.

“ఆయన చెప్పేది నిజం సార్” అంది కొత్తమ్మాయి. “మీ పత్రంలో ఆరుగురు లేరు. ఈయనొక్కరే ఉన్నారు. నేను పరీక్షించిన మిగిలినవాళ్ళందరి కణాలూ ఇన్సులిన్ మాట వింటున్నాయి.”

“ఇది శాస్త్ర చర్చ” అని గద్దించాడు పెద్దసారు. “టీ ఇచ్చేవాళ్ళు టీ ఇచ్చి వెళ్ళాలి.”

నార్మల్ ట్రే ఎత్తుకున్నాడు. నిండు కప్పులన్నీ పొగలు కక్కుతూ ఆయనతోపాటే బయటికి వెళ్ళిపోయాయి. అంత ఆకలి చూపుతో ఆ గదిలోవాళ్ళు ఆ మనిషివైపు చూడటం అదే మొదలు.

తరవాత ఏమైందంటే, అలాంటిచోట ఏమవుతుందో అదే అయింది. విచారణకి ఒక కమిటీ వేశారు. కమిటీ ఇంకా కూర్చునే ఉంది. పత్రంలో ఆరుగురు ఆరోగ్యవంతులు ఇప్పటికీ దర్జాగా ఉన్నారు. కొత్తమ్మాయిని ‘కలిసి పనిచేసే స్వభావం లేదు’ అని వేరే విభాగానికి నెట్టేశారు. అక్కడ ఆ అమ్మాయి ముందు వేలు పొడిచి చక్కెర చూడందే ఎవరి చేతినుంచీ రక్తం తియ్యదు. నార్మల్‌ని నేలమాళిగలోని సామాన్ల గదికి మార్చారు. మళ్ళీ ఆ కుర్చీలో ఆయన కూర్చోలేదు. రెండుమూడుసార్లు పిలుపు వచ్చింది. మడిచిన చొక్కా చెయ్యి కిందికి దింపి, గుండీ పెట్టుకున్నాడు.

పోస్టరు మాత్రం తియ్యలేదు. చెయ్యి బాగా వచ్చిందట.

ఆదివారం కంచాల ముందు ఇప్పుడు ఇద్దరు చొక్కాలెత్తి కూర్చుంటారు. భార్య వడ్డించడం ఆపి చూస్తూ ఉంటుంది.

“ఏం బావా, కుట్టుపని మొదలెడదామా?” అన్నాడు బావమరిది మొదటివారం.

అక్క తమ్ముణ్ణి కసిరింది. నార్మల్ తల దించుకునే ఉన్నాడు. ఆ మాట తనకి రావలసిందేనని తెలిసినవాడిలా మింగాడు.

“అనరా. ఇంకో నాలుగనుకో. నీకు ఇంకా బాకీ ఉన్నా” అన్నాడు. సూది పట్టుకుని పొట్టమీద చోటు వెతుక్కున్నాడు. పోస్టరులో రాయిలా బిగిసి ఉన్న చెయ్యి, ఇక్కడ వణికింది.

“ఇలా ఇయ్యి” అన్నాడు బావమరిది. రంగు వదలని వేళ్ళతో ఆ సూది అందుకున్నాడు. “చూస్తూ ఉండు. వచ్చేవారం నువ్వే పొడుచుకోవాలి.”